చెవులాయన డబ్బీలో బియ్యం

నీళ్ళ ఆఫీసులో ఆయన అసలు పేరు జీతాల కాగితం మీద తప్ప ఇంకెక్కడా వినపడేది కాదు. డ్రైవరు దగ్గర్నుంచి ఇంజినీరమ్మ దాకా అందరికీ ఆయన చెవులాయనే. రోడ్డు కింద పోయే నీళ్ళ గొట్టానికి ఎక్కడ చిల్లి పడిందో, ఎక్కడ నీరు చాటుగా కారి మట్టిని తినేస్తోందో, తవ్వకుండా పైనుంచే విని చెప్పడం ఆయన ఉద్యోగం.

చేరింది మాత్రం గోతులు తవ్వే కూలీగానే. అప్పటి పెద్దమేస్త్రి ఎక్కడ గీత గీస్తే అక్కడ తవ్వేవాడు. ఒకరోజు పార పక్కన పెట్టి, "ఇక్కడ కాదండీ, ఆ గుమ్మం ముందర" అన్నాడు. నీకెలా తెలుసురా అంటే, "నీళ్ళు అక్కడ సణుక్కుంటున్నాయండి" అన్నాడు. అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు. నవ్వుతూనే గుమ్మం ముందు తవ్వారు. మోకాలి లోతు తవ్వగానే నీళ్ళు చిమ్మాయి. ఆ రోజు నుంచి ఆయన చేతికి పార ఇవ్వలేదు.

దేవుడు ఒకరికి గొంతు ఇస్తాడు, ఒకరికి కంటిచూపు ఇస్తాడు, నాకీ చెవులిచ్చాడు అనుకునేవాడు ఆయన. పొద్దున్నే పని మొదలుపెట్టే ముందు వంగి నేలను తాకి కళ్ళకద్దుకునేవాడు. ఎవరైనా చూస్తే, చెప్పు సరిచేసుకుంటున్నట్టు నటించేవాడు.

తరువాత ఆఫీసులో మిషను వచ్చింది. పళ్ళెమంత ఇనప బిళ్ళ ఒకటి నేల మీద పెడతారు. దానిలో మైకు ఉంటుంది. దాని తీగ నడుముకు కట్టుకున్న పెట్టెలోకి, అక్కడి నుంచి చెవులకు. మిషనుతో పాటు కంపెనీ వాళ్ళిచ్చిన, చెవులకు తొడుక్కునే డొప్పలు పెద్దవే గానీ, బస్సు హారనూ లారీ మోతా అన్నీ సందుల్లోంచి దూరేవి. అందుకని వినేవాళ్ళు ఊరు మాటుమణిగాక బయల్దేరేవారు. చెవులాయన మేనకోడలు పాటలు రికార్డు చేసే స్టూడియోలో పనిచేస్తుంది. ఆ అమ్మాయి ఒకసారి వచ్చి మామయ్య నిద్రలేని కళ్ళు చూసింది. మరుసటి వారం చెవి లోపలికి ఇమిడిపోయే ఇయర్‌ఫోన్లు తెచ్చి ఆయన అరచేతిలో పెట్టింది. చూడ్డానికి రెండు చింతపిక్కల్లా ఉన్నాయి. పెట్టుకోగానే వీధి మొత్తం ఎవరో తలుపు వేసినట్టు ఆగిపోయింది. నేల ఒక్కటే మిగిలింది. అప్పటి నుంచి ఆయన పట్టపగలు, నడిబజార్లో నిలబడి వింటున్నాడు.

"చాలా ఖరీదైనవటే ఇవి? పాడైతే?" అని అడిగాడు ఆ రోజు.

"గట్టివే మామయ్యా. కింద పడ్డా పగలవు, లాగినా తెగవు. వీటిని చంపేవి రెండే, చెమటా గుబిలీ. పని అయ్యాక ఈ రబ్బరు టోపీలు తీసి తుడువు. ఇదిగో, ఈ మూతి దగ్గర జాలీ ఉంది చూడు, ఆవగింజంత. దాన్ని కిందకి వంచి బ్రష్షుతో దులుపు. పైకి పెట్టి దులిపితే చెత్తంతా లోపలికే పోతుంది. సూది పెట్టకు. నోటితో ఊదకు, ఊపిరిలో తడి ఉంటుంది. తీగ బిగించి చుట్టకు. చివరికి ఈ డబ్బీలో, ఈ తేమ లాగే పొట్లం పక్కన పెట్టు. అంతే."

అంతే అన్నదాన్ని ఆయన ఐదేళ్ళు ఒక్క రోజు తప్పకుండా చేశాడు. ఆఫీసులో కుర్రాళ్ళ ఇయర్‌ఫోన్లు మూడు నెలలకోసారి మూలపడేవి. ఈయనవి మాత్రం మొదటిరోజు లాగే ఉన్నాయి. సాయంత్రం అరుగు మీద కూర్చుని, పెదవుల మీద ఏదో నామం పలుకుతూ, చంటిపిల్లకి ముక్కు తుడిచినట్టు వాటిని తుడిచేవాడు. వ్యాను డ్రైవరు చూసి, "మా ఆవిడ నన్నిలా చూసుకుంటే నూరేళ్ళు బతికేద్దును గదా" అనేవాడు.

"నువ్వు ఆవిడ మాట ఎప్పుడైనా విన్నావా? ఇవి వింటాయి. అందుకే ఈ మర్యాద" అనేవాడు చెవులాయన.

అలాంటి మనిషికి వానలు వెనకబట్టాక జ్వరం వచ్చింది. నాలుగు రోజులు లేవలేదు. ఐదో రోజు లేచి, వద్దంటున్నా పనిలోకి వెళ్ళాడు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి చేతులు వణుకుతున్నాయి. భార్య చేతిలోంచి డబ్బీ లాక్కుంది.

"పడుకోండి. ఐదేళ్ళుగా చూస్తున్నా. ఆ మాత్రం నేను దులపలేనా?"

దులిపింది. ఆమె ఏ పని చేసినా మనసు పెట్టి చేస్తుంది. దీపపు కుంది తుడిచినట్టు జాలీని పైకి పెట్టి, వెలుతురుకు చూసుకుంటూ, ప్రేమగా దులిపింది. దులిపాక, గాజు మీద దుమ్ము పోగొట్టినట్టు ఉఫ్‌మని ఊదింది. డబ్బీలో పెట్టబోతుంటే తేమ పొట్లం మీద ఎర్ర అక్షరాలు కనపడ్డాయి. తినకూడదు అని రాసుంది. కూతురి బిడ్డ ఇంట్లో పాకుతూ తిరుగుతోంది. అందిందల్లా నోట్లో పెట్టుకునే వయసు. ఆ పొట్లం తీసి చెత్తలో పారేసింది. తేమ లాగడానికి బియ్యం కూడా పనికొస్తాయని ఎవరో చెప్పగా విని ఉంది. పల్చటి పాత గుడ్డలో గుప్పెడు బియ్యం మూట కట్టి పొట్లం స్థానంలో పెట్టింది. ఆ బియ్యం పురుగు పట్టకుండా తెల్లపొడి కలిపి ఉంచిన బియ్యం. వండేటప్పుడు నాలుగు నీళ్ళు పోసి కడుగుతారు గనక ఆ పొడి సంగతి ఆమెకు గుర్తే రాలేదు.

భర్తకు చెప్పడానికి అందులో పెద్ద విషయమేముంది? చెప్పలేదు. నీరసం తగ్గేదాకా రోజూ సాయంత్రం తనే దులిపింది. ఆయనకూ అది హాయిగానే ఉండేది. కళ్ళు మూసుకుని పడుకుని, బ్రష్షు చప్పుడు వింటూ, ఈ ఇల్లాలిని ఇచ్చినందుకు దేవుడికి దండం పెట్టుకునేవాడు.

డబ్బీ జేబులో పడి రోజంతా కుదుపులు తినేది. గుడ్డ మూటలోంచి పొడి సన్నగా రాలేది. చెమటకు తడిసిన జాలీ మీద అంటుకునేది. అంటుకున్నదాన్ని బ్రష్షు లోపలికి తోసేది.

ఒక చెవి మాత్రమే తగ్గి ఉంటే చెవులాయన ఆ పూటే పట్టేసేవాడు. రెండూ సమానంగా తగ్గాయి. రోజుకు కాస్త, రోజుకు కాస్త. అందునా సన్నని చప్పుళ్ళు ముందు పోయాయి. గొట్టం చిల్లిలోంచి నీరు చీదే చప్పుడు ఆ సన్నవాటిలోదే. లారీ వెళ్తే నేల గుమ్మనడం మాత్రం మామూలుగానే వినపడేది. అందువల్ల అంతా సవ్యంగానే ఉందనిపించేది. కొంచెం మందంగా ఉందని తోచినప్పుడు, జ్వరం తాలూకు దిబ్బడ అనుకునేవాడు.

ఆ వారంలోనే ఇస్త్రీ ఆమె మొదటిసారి పిలిచింది.

నాలుగు రోడ్ల మూల మీద, కుట్టుమిషన్ల కంపెనీ గేటు ఎదురుగా ఆమె ఇస్త్రీ బల్ల. బొగ్గుల పెట్టెతో ఇరవై ఏళ్ళుగా అక్కడే రుద్దుతోంది. సాయంత్రం నాలుగింటికి కంపెనీ వదిలితే ఆడవాళ్ళంతా బస్సు కోసం ఆ బల్ల చుట్టూరా మూగేవారు. ఆమె వాళ్ళ సంచులు బల్ల కింద పెట్టుకోనిచ్చేది. ఎండగా ఉంటే తన గొడుగు ఎవరో ఒకరి నెత్తిన పట్టేది.

"అన్నా, ఒకసారి ఇటు రా. బల్ల కుంటుతోంది. నిన్న కాగితం మడిచి పెట్టా. ఇవాళ అట్టముక్క పెట్టా. నా బల్ల కురచవుతోందా, నేల దిగుతోందా?"

"రోజంతా ఆ పెట్టెతో మోదుతుంటే బల్ల మాత్రం ఎంతకని ఓర్చుకుంటుంది?"

"ఎగతాళి తరవాత. కాలవ చూడు. వానలు పోయి నెలైంది. నీళ్ళు తేటగా పారుతున్నాయి."

ఆయన చూశాడు. నిజమే, తేటగానే ఉన్నాయి. బిళ్ళ నేల మీద పెట్టి, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, కళ్ళు మూసుకున్నాడు. ఏమీ లేదు. రెండడుగులు జరిగి మళ్ళీ పెట్టాడు. ఏమీ లేదు. మూల చుట్టూ తొమ్మిది చోట్ల విన్నాడు. ఎక్కడా నీటి సణుగుడు లేదు. రిపోర్టు పుస్తకంలో 'శబ్దం లేదు' అని రాసి సంతకం పెట్టాడు.

"ఎవరో మేడ కడుగుతున్నట్టున్నారమ్మా. కింద ఏం లేదు. నిశ్చింతగా ఉండు."

"నువ్వు చెప్పాక ఇంకేం భయం" అందామె. ఆ సాయంత్రం బస్సు కోసం నిలబడ్డ వాళ్ళందరికీ కూడా చెప్పింది. చెవులాయన వచ్చి విన్నాడు, ఏమీ లేదన్నాడు, అని.

పది రోజుల్లో పన్నెండు చోట్ల అలాంటి సంతకాలు పడ్డాయి. ఇంజినీరమ్మ సంతోషపడింది. "ఈ నెల మన వైపు ఒక్క లీకు కూడా లేదు పెద్దాయనా. మీ చెవి చలవ" అంది. ఆయన నవ్వాడు గానీ ఆ నవ్వు లోపలికి దిగలేదు. ఇన్నేళ్ళలో నేల ఇంత నోరు మూసుకుని ఉండటం ఎన్నడూ ఎరగడు. ఏ వీధికైనా ఏదో ఒక గొణుగుడు ఉంటుంది. ఎవరింట్లోనో కుళాయి కారుతుంది, ఎక్కడో మీటరు తిరుగుతుంది. ఇప్పుడు ఊరంతా ఆయన రాగానే మాట ఆపేసి, ఆయన వెళ్ళేదాకా ఊపిరి బిగబట్టి కూర్చున్నట్టు ఉంది. చెవులు కొరుక్కుంటున్న మనుషులు మనల్ని చూడగానే విడిపోతారే, అలా. పొద్దున్న నేలను తాకినప్పుడు చెయ్యి ఎందుకో వెంటనే పైకి రాలేదు.

ఇస్త్రీ ఆమె రెండోసారి పిలిచినప్పుడు బల్లకాలు కింద చెక్కముక్క ఉంది. అరచేయంత మందం.

"అన్నా, విసుక్కోకు. మళ్ళీ విను."

మళ్ళీ విన్నాడు. మళ్ళీ ఏమీ లేదు. ఆమె మొహంలోకి చూడకుండానే ఆ మాట చెప్పాడు.

మరునాడు మధ్యాహ్నం మేనకోడలు భోజనానికి వచ్చింది. చెవులాయన ఆ పూట సెలవు పెట్టి, మిషనుతో సహా ఇంట్లోనే ఉన్నాడు. అన్నాలయ్యాక ఆ అమ్మాయి, "ఏదీ మామయ్యా, నా చింతపిక్కలు ఎలా ఉన్నాయి?" అంటూ తన ఫోన్‌కు తగిలించుకుని పాట పెట్టుకుంది. పెట్టుకున్న వెంటనే తీసేసింది. మళ్ళీ పెట్టుకుంది.

"మామయ్యా, ఇవి ఎప్పటి నుంచి ఇలా ఉన్నాయి?"

"ఎలా ఉన్నాయి?"

"పాట దుప్పటి కప్పుకుని పాడుతున్నట్టుంది. తాళాలు లేవు. ఈ పాటలో తాళాలు నేనే రికార్డు చేశాను."

కిటికీ దగ్గరకు తీసుకెళ్ళి జాలీ చూసింది. సుద్ద పూసినట్టు తెల్లగా ఉంది. డబ్బీ తెరిచింది. మూట తీసి రెండు వేళ్ళతో నలిపింది. వేళ్ళకు తెల్లగా అంటింది.

"ఈ బియ్యం ఎవరు..."

వంటింట్లోంచి భార్య కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "నేనే పెట్టానే. ఆ పొట్లం మీద తినకూడదని రాసుంది. పిల్ల నోట్లో పెట్టుకుంటే? అందుకని బియ్యం పెట్టా. తేమ లాగుతాయటగా. రోజూ దులుపుతున్నా కూడాను, చూడు ఎంత శుభ్రంగా ఉన్నాయో."

మేనకోడలు నోరు తెరిచింది. చెవులాయన కళ్ళతోనే వద్దన్నాడు.

"బాగా చేశావులే" అన్నాడు భార్యతో. "పిల్ల సంగతి నాకు తట్టనే లేదు."

ఆమె తృప్తిగా లోపలికి వెళ్ళింది. మేనకోడలు సంచిలోంచి కొత్త జాలీలు అంటించి ఉన్న కాగితం తీసింది. పాతవి ఊడదీసి, రెండు వైపులా కొత్తవి అంటించింది. ఆయన వాటిని మిషనుకు తగిలించుకుని, బిళ్ళను పెరటి గట్టు మీద పెట్టాడు. పక్కింటి కుళాయి చుక్క చుక్కగా పడుతోంది. ప్రతి చుక్కా సూది మొనలా గుచ్చుకుంది. పది రోజుల్లో ఆయన విననిదంతా ఆ చుక్కల్లో వినపడింది.

"ఎన్ని చోట్ల సంతకం పెట్టావు మామయ్యా?" అని మెల్లగా అడిగింది మేనకోడలు.

ఆయన గడియారం చూశాడు. మూడున్నర కావస్తోంది. మిషను చంకన పెట్టుకుని, చెప్పులు వేసుకున్నాడో లేదో కూడా చూసుకోకుండా వీధిన పడ్డాడు.

మూల మీదికి చేరేసరికి ఇస్త్రీ ఆమె చొక్కా మడత పెడుతోంది. ఆయన పలకరించలేదు. బల్ల పక్కన మోకాళ్ళ మీద కూలబడి బిళ్ళ పెట్టాడు. మామూలుగా చిల్లి పడిన గొట్టం చీదుతుంది. ఇక్కడ అలా లేదు. జల్లెడలో గులకరాళ్ళు పోసి తిప్పుతున్నట్టు గరగరమంటోంది. నీళ్ళు రాళ్ళను దొర్లిస్తున్నాయి. రాళ్ళు దొర్లాలంటే చోటుండాలి. కింద మట్టి లేదు. ఎంత మేర లేదో అని జరిగి చూశాడు. బస్సు ఆగే చోటు దాకా అదే గరగర.

ఫోన్ తీసి ఇంజినీరమ్మను పిలిచాడు. "మేడమ్, నాలుగు రోడ్ల మూలకు నీళ్ళొచ్చే వాల్వు కట్టేయించండి. ఇప్పుడే. కింద డొల్లగా ఉంది."

"అక్కడ మీరే కదా 'శబ్దం లేదు' అని రాశారు? రెండుసార్లు రాశారు. అది కడితే ఆసుపత్రికి నీళ్ళు ఆగుతాయి పెద్దాయనా. మొన్న రాసింది నిజమా, ఇప్పుడు చెప్పేది నిజమా?"

"మొన్న రాసింది తప్పు."

"మీరు తప్పు రాయడమేంటి? ఎలా జరిగింది?"

పొడితో తెల్లబడ్డ మేనకోడలి వేళ్ళు, తృప్తిగా వెనుదిరిగిన భార్య ముఖం ఆయనకు కళ్ళముందు ఆడాయి. "నా సామాను నేను చూసుకోలేదు మేడమ్. నాకు వినపడలేదు. తప్పంతా నాదే."

"వాల్వు కట్టిస్తున్నా. మనుషుల్ని జరపండి."

అప్పుడే కంపెనీ గంట మోగింది. గేటు తెరిచారు. ఆడవాళ్ళు సంచులూ కబుర్లూ మోసుకుంటూ బిలబిలమంటూ వస్తున్నారు. చెవులాయన రోడ్డుకు అడ్డంగా చేతులు చాపాడు.

"అటు వెళ్ళకండి తల్లీ! గేటు లోపలే ఉండండి!"

"ఏంటి బాబాయ్, బస్సు వెళ్ళిపోతే మమ్మల్ని నువ్వు మోసుకెళ్తావా?"

"మొన్న ఏమీ లేదన్నది ఈయనే కదే?" అంది ఇంకో ఆమె. "అక్క రోజూ చెప్తోంది, చెవులాయన విన్నాడూ, భయం లేదూ అని."

"విన్నాను గానీ నాకు వినపడలేదు!" ఆయన అరిచాడు. ముప్పై ఏళ్ళలో వీధిలో గట్టిగా మాట్లాడి ఎరగడు. "నాకు చెవుడొచ్చింది. పది రోజులు ఏమీ వినకుండానే చెప్పాను. నా మాట నమ్మి నిలబడొద్దు. నేల కింద ఏమీ లేదు!"

నవ్వబోయిన వాళ్ళు ఆగిపోయారు. వినేవాడు నాకు వినపడలేదని చాటుకోవడం ఎంత బరువైన మాటో అక్కడ ఎక్కువమందికి తెలియదు. ఇస్త్రీ ఆమెకు తెలిసింది. చొక్కా వదిలేసింది. బొగ్గుల పెట్టె ఒక చేత్తో, ఉతికిన బట్టల మూట ఇంకో చేత్తో పట్టుకుని, బల్ల దగ్గర్నుంచి గేటు వైపు నడిచింది. ఆమె కదిలాక మిగతావాళ్ళూ వెనక్కి తగ్గారు. వస్తున్న బస్సును డ్రైవరు దూరంగానే ఆపేశాడు.

పావుగంటలో వాల్వు కట్టారు. చెవులాయన ఆ డొల్ల నేల అంచున పడుకుని వింటున్నాడు. గరగర నెమ్మదించింది. పల్చబడింది. ఆగింది. ఇంజినీరమ్మ వ్యాను దిగి, "హమ్మయ్య" అంటూ ముందుకు రాబోయింది. ఆయన తల ఎత్తకుండానే చెయ్యి అడ్డం పెట్టాడు. నీళ్ళు ఆగాయి గానీ, ఇంకో చప్పుడు మొదలైంది. బియ్యం చేటలోంచి జారినట్టు సన్నగా, ఆగకుండా, మట్టి రాలుతోంది.

"ఇంకా వెనక్కి" అన్నాడు. "ఇంకా."

రోడ్డు పెద్ద చప్పుడేమీ చేయలేదు. ఇస్త్రీ బల్ల ఒక పక్కకు ఒరిగింది, చెక్కముక్క జారిపోయింది, ఆ తరువాత బల్ల లేదు. బస్సు ఆగే చోటు కూడా లేదు. రెండు నిలువుల లోతున నల్లటి నీరు, దాని మీద తేలుతూ ఎవరిదో మడతపెట్టిన చొక్కా.

ఎవరికీ ఏమీ కాలేదు. ఇస్త్రీ ఆమె వచ్చి ఆయన పక్కన కూర్చుంది.

"అన్నా, రెండుసార్లు అడిగాను కదా."

"అడిగావమ్మా."

ఇంకేమంటుందోనని ఆయన తల వంచుకున్నాడు. ఆమె తన నీళ్ళసీసా మూత తీసి ఆయన చేతిలో పెట్టింది. తాగేదాకా పక్కనే కూర్చుంది.

ఇంజినీరమ్మ రిపోర్టు పుస్తకం తెరిచి పేజీలు తిప్పుతోంది. "ఇలాంటివి ఇంకా ఎన్ని?"

"పదకొండు."

ఆమె పుస్తకం మూసేసి వ్యాను తలుపు తీసింది.

రెండో చోటు పల్లంలో ఉన్న ఇరుకు సందు. ఇళ్ళన్నీ ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి. ఆఖరి ఇంటి మెట్ల మీద ఒక ముసలావిడ కూర్చుని గిన్నెలోకి బఠాణీలు ఒలుస్తోంది. వారం కింద ఆ మెట్ల దగ్గరే ఆయన సంతకం పెట్టాడు. ఆమెకు ఆయన గుర్తున్నాడు. ముఖం విప్పారింది.

"నువ్వా నాయనా! రా, రా. నువ్వు చెప్పిన దగ్గర్నుంచీ హాయిగా నిద్ర పడుతోంది. మా కోడలు పిచ్చిది, గోడ బీటిచ్చిందని పుట్టింటికి పోదామంది. ఆ నీళ్ళాఫీసు పెద్దమనిషి విని చెప్పాడే, నోరు మూసుకుని ఉండవే అన్నాను."

చెవులాయన బిళ్ళ నేలకు ఆనించాడు. విన్నాడు. లేచి, ఆమె వైపు చెయ్యి చాపాడు.

"అమ్మా, ముందు లేచి ఇటు రండి. లోపల ఎవరున్నా పిలవండి. ఆ రోజు నేను చెప్పింది నమ్మకండి."

ఆమె హాస్యమనుకుని నవ్వింది. తరువాత ఆయన ముఖం చూసింది. గిన్నె పక్కన పెట్టి, ఆయన చెయ్యి పట్టుకుని, లోపలికి తిరిగి కోడల్ని పిలిచింది.